పొలం పనే యోగా అట!

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి జంక్షన్లో ఏ టీకొట్టు దగ్గరైనా యోగా మాట ఎత్తి చూడండి. ‘పొద్దల్లా పొలంలో నడుం వంచినోళ్లకి మళ్లీ నడుం వంచడం నేర్పుతారేటి బావూ?’ అని ఒకరంటారు, నలుగురు నవ్వుతారు, అక్కడితో సరి. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో ప్రధానమంత్రి సమక్షంలో మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు కొట్టినప్పుడూ ఇదే మాట. అంతకు ముందు నెల రోజులు యోగాంధ్ర పేరిట ఊరూరా చాపలు పరిచినప్పుడూ ఇదే మాట. టీకొట్టు దగ్గర అంటే సరదా అనుకోవచ్చు. బళ్లో మాస్టారు, మందులిచ్చే డాక్టరు, జెండా మోసే కార్యకర్త, ఆఖరికి యోగా నేర్పే గురువుగారు కూడా అదే అంటున్నారు: కష్టజీవికి యోగా అక్కర్లేదు, పొలం పనే యోగా.

ఈ వాదనలో నిజమున్న ముక్కలు లేకపోలేదు. యోగా క్లాసు అనగానే కళ్ల ముందు మెదిలేది ఏసీ గది, రంగుల మ్యాట్, నెలకింత ఫీజు, పొట్ట తగ్గించుకోవాలనుకునే ఉద్యోగస్తులు. ఉపాధి పనిలో మట్టి తవ్వేవాడికి తగ్గించుకోవడానికి పొట్టే లేదు. చీకటితో లేచి వంట చేసి, ఏడింటికల్లా మడిలో దిగే మనిషిని ఆరింటికి పార్కుకి రమ్మనడం వేళాకోళమే. కూలి, తిండి, నిద్ర ముందు చూసుకోవాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే వీటిలో ఏ ఒక్కటీ ‘పనిచేసే ఒంటికి యోగా అవసరం లేదు’ అని రుజువు చెయ్యదు. ఇప్పుడు నడుస్తున్న క్లాసు ఆ మనిషి కోసం పెట్టింది కాదని మాత్రమే రుజువు చేస్తుంది. మొదటిది చెప్పాల్సిన చోట రెండోది చెప్పి గెలిచామనుకోవడమే ఈ వాదనలోని గారడీ.

1. చాకిరీ చేస్తే ఒళ్లు గట్టిపడుతుందా?

వంశధార ఎడమ కాలువకి నీళ్లొచ్చాక ఉభాలు (వరినాట్లు) జరిగే మడి దగ్గర కాసేపు నిలబడండి. ఎడమచేతిలో నారుకట్ట. కుడిచేతి మూడు వేళ్ల మధ్య నాలుగైదు మొక్కలు. బొటనవేలితో బురదలోకి గుచ్చడం, వేళ్లు లాగడం, జానెడు పక్కన మళ్లీ గుచ్చడం. మోకాళ్లు వంగవు, మడత అంతా తుంటి దగ్గరా నడుం దగ్గరా. నడక వెనక్కి. మధ్యలో ఎవరైనా లేచి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడితే, గట్టు మీంచి కేక. మధ్యాహ్నం అన్నం వేళ వరకూ వెన్ను ఒకే వైపు వంగి ఉంటుంది. వెనక్కి వంగే అవకాశం రోజంతా ఒక్కసారి కూడా రాదు.

వ్యాయామం అంటే కండరాన్ని బిగించి వదలడం, ఒక వైపు వంచితే రెండో వైపూ వంచడం, అలిసినప్పుడు ఆపడం. ఉభాల్లో ఈ మూడూ లేవు. స్వీడన్‌కు చెందిన వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960ల్లో మనుషుల వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది దించి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిటారుగా నిలబడ్డప్పటి ఒత్తిడి నూరనుకుంటే, నిలబడి ముందుకు వంగినప్పుడు అది దాదాపు నూటయాభై. ఆ నూటయాభైని పూటంతా మోసి, మరునాడు మళ్లీ మోసి, ఉభాల రోజులన్నీ మోసేదాన్ని యోగా అనడానికి నోరెలా వస్తుంది?

ఇది నడుముకే పరిమితమైన సంగతి కాదు. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మాన్ బృందం 1,04,046 మందిని సుమారు పదేళ్లు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించింది. తీరిక వేళల్లో ఒళ్లు కదిపేవారికి గుండె జబ్బుల ముప్పు తగ్గింది. ఉద్యోగంలో భాగంగా బరువు పని చేసేవారికి అదే ముప్పు పెరిగింది. చదువు, ఆదాయం, పొగతాగుడు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. కారణాల మీద శాస్త్రజ్ఞులు ఇంకా తగువులాడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి. ‘పనిచేస్తున్నాడు కదా, వాడికేం’ అన్న ధీమాకి మాత్రం అక్కడ చోటు లేదు.

2. తాతలు ఏ ఆసనం వేశారట?

దీనికి ఎక్కువ చోటు ఖర్చు పెట్టను. తొంభై ఏళ్లు బతికిన తాతని చూపిస్తారు. అరవై దాటకుండా పోయినవాళ్లు చూపించడానికి లేరు కనక ఆయనే కనిపిస్తాడు. ఆ తాత పక్కన మామ్మని కూడా చూడండి. కొత్తమ్మతల్లి జాతరలో క్యూ పక్కన నిలబడి, పెద్దవయసు ఆడవాళ్లలో ఎందరు నిటారుగా నడుస్తున్నారో, ఎందరు మోకాలి మీద చెయ్యి ఆన్చి మెట్టెక్కుతున్నారో గమనించండి. వాళ్లంతా పొలం పని చేసినవాళ్లే. పనే యోగా అయితే ఈ పాటికి కోటబొమ్మాళి మండలం నిండా యోగులుండాలి.

3. యోగా అంటే ఏ యోగా?

వాదనకు అసలు మూలస్తంభం ఇక్కడుంది. యోగా అంతా ఒకటే, అదీ నడుం వంచి కాళ్లు పట్టుకోవడమే అనుకుంటేనే టీకొట్టు నవ్వు చెల్లుతుంది. కాని క్లాసుకీ క్లాసుకీ పోలికే లేదు.

1930ల్లో తిరుమలై కృష్ణమాచార్య మైసూరు రాజావారి అండతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. ఊపిరి లెక్క పెట్టుకుంటూ ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి గెంతే పద్ధతి వాళ్ల వయసుకు సరిపోయింది. శిష్యుడు పట్టాభి జోయిస్ దాన్నే అష్టాంగ విన్యాసంగా ప్రపంచానికి పంచారు. ఇవాళ పట్నాల్లో పవర్ యోగా, విన్యాస ఫ్లో అని బోర్డులు పెట్టేవి ఈ చెట్టు కొమ్మలే. 2025 జూన్ 20న విశాఖలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారే, అదీ ఈ తరహాదే. దమ్ము, కండ, చురుకు పెరుగుతాయి. కంప్యూటర్ ముందు కూర్చునే పాతికేళ్ల పిల్లడికి బంగారం. ఉభాలు వేసొచ్చిన యాభై ఏళ్ల అప్పకి మాత్రం అది కూలి లేని ఇంకో పూట పని.

అదే కృష్ణమాచార్యకు మరో శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్. చిన్నప్పుడు క్షయ, మలేరియా చుట్టుముట్టి బక్కచిక్కిన పిల్లవాడు. ఒళ్లు సహకరించకపోవడం అంటే ఏమిటో ఆయనకి తెలుసు. అందుకే కుర్చీ, ఇటుక, బెల్టు, గోడకి కట్టిన తాడు తన క్లాసులోకి తెచ్చారు. చెయ్యి నేలకు అందకపోతే మనిషిని నేలకు లాగకుండా, ఇటుక పెట్టి నేలనే చేతికి అందించారు. మెల్లగా, కొలతగా సాగే ఈ తరహా క్లాసు వయసు మళ్లినవారికీ, దెబ్బ తగిలినవారికీ నప్పుతుంది. ఇటుకలు మన ఊళ్లో కరువా? రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తువ్వాలు ఉంటే పని జరుగుతుంది.

ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి నెలకొల్పిన బీహార్ యోగ విద్యాలయం దారి ఇంకోటి. కాలివేళ్ల నుంచి మెడ దాకా ఒక్కో కీలునీ విడిగా కదిలించే పవనముక్తాసన వరస, పడుకుని వింటూ చేసే యోగనిద్ర అక్కడి ప్రత్యేకతలు. ఇక బ్రహ్మకుమారీల రాజయోగం, పిరమిడ్ వాళ్ల ధ్యానం మన పల్లెల్లోనూ తెలిసినవే. అవి మనసు సంగతి చూస్తాయి. వాటి మీద నాకు తగువు లేదు. పట్టేసిన నడుంతో గంటసేపు కింద కూర్చోమంటే మాత్రం అది శిక్షే.

సర్కారు వారి ఉమ్మడి యోగా క్రమం నలభై అయిదు నిమిషాలది. ప్రార్థనతో మొదలై, తాడాసనం, శవాసనం మీదుగా కపాలభాతి, నాడీశోధన, భ్రామరి, ధ్యానం దాకా సాగుతుంది. మైదానంలో వేలమందితో ఒకేసారి చేయించడానికి అనువైనది. అందరికీ ఒకటే కనక ఏ ఒక్కరి ఒంటినీ అడిగి రాసింది కాదు. పాదహస్తాసనం దాంట్లో ఉంది. వెన్నుపూస, డిస్కు జబ్బులున్నవాళ్లు దాన్ని చెయ్యొద్దన్న జాగ్రత్తా ఆ పుస్తకంలోనే ఉంది. మైకు పట్టుకున్నాయన ఆ వాక్యం చదవడు. అప్ప వంగుతుంది, నడుం పట్టేస్తుంది, ‘చెప్పానా, మనకి పడదని’ అని ఊరంతా అంటుంది. తప్పు యోగాది అనుకుంటారు. నిజానికి అన్ని రోగాలకీ ఒకే ఇంజక్షన్ పొడిచే ఆర్‌ఎంపీ తీరు అది.

మరి ఆ అప్పకి కావలసిన క్లాసు ఎలా ఉండాలి? టీకొట్టు పెద్దమనిషి భయపడుతున్నట్టు నడుం వంచడం అందులో ఉండదు. రోజంతా ముందుకు వంగిన వెన్నుని మెల్లగా వెనక్కి తేవడమే పని. ముందు బోర్లా పడుకుని, చేతుల మీద తల ఆన్చి మకరాసనం. ఊరికే పడుకున్నట్టుంటుంది. కాసేపటికి నడుం దగ్గర కండరం తానే వదులవుతుంది. తర్వాత భుజంగాసనం, అదీ ఫోటోల్లోలా చేతులు చాచి పైకి లేచేది కాకుండా, మోచేతులు నేల మీద ఆన్చి ఛాతీ మాత్రం ఎత్తేది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి ఎత్తే సేతుబంధాసనంతో పిరుదుల కండరాలు, తొడ వెనక కండరాలు పనిలోకి దిగుతాయి. మడిలో బరువు మొయ్యాల్సింది ఇవే, ఇవి మొయ్యక నడుం మోస్తోంది. ఆఖర్న కాళ్లు కుర్చీ మీద పెట్టి పడుకోవడం. వెనక్కి వంగితే నొప్పి పెరిగేవాళ్లూ ఉంటారు. వాళ్లకి వరస మార్చాలి. అందుకే మైకు ముందు వెయ్యి మంది పనికిరారు, పదిహేను మంది చాలు.

పలాస కాశీబుగ్గ వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల కథ వేరు. కాలితో పెడల్ తొక్కి, చేత్తో మీట తిప్పి, పిక్క చీల్చి, పప్పు విరగకుండా తియ్యాలి. నొప్పి మెడలో, భుజంలో, మణికట్టులో. వాళ్లకి ముంగేర్ కీళ్ల వరస నప్పుతుంది. కూర్చున్న చోటే చెయ్యొచ్చు. మోకాళ్లు అరిగినవారిని వజ్రాసనంలో కూర్చోబెట్టకూడదు, కుర్చీ మీదే నేర్పాలి. బీపీ ఉన్నవారికి కపాలభాతి వద్దు. నీటికాసులున్నవారికి తలకిందుల ఆసనాలు అసలే వద్దు: చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 75 మంది యోగసాధకుల కళ్లు పరీక్షించి, శీర్షాసనంలో కంటిలోపలి ఒత్తిడి రెట్టింపవుతోందని 2006లోనే ప్రకటించారు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు కోసేవాళ్ల సంగతైతే ముందే చెప్పాలి. ఊపిరితిత్తుల్లో దిగిన రాతిపొడిని ఏ ప్రాణాయామమూ బయటికి తియ్యలేదు. అక్కడ కావలసింది కోతమీద నీళ్లు, ముక్కుకి సరైన మాస్కు.

ఇన్ని రకాల క్లాసులు, ఇన్ని రకాల ఒళ్లు ఉండగా ‘వాళ్లకి యోగా ఎందుకు’ అనడం ‘వాళ్లకి మందులెందుకు’ అన్నంత మొద్దు ప్రశ్న.

4. క్లాసు లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుందా?

ఉండదు. నొప్పి ఉన్నచోట ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. మన ఊళ్లలో వచ్చి కూర్చున్నది డైక్లోఫెనాక్ బిళ్ల. ఉభాల కాలంలో మందుల షాపు దగ్గర నిలబడితే తెలుస్తుంది. చీటీ అడిగేవాడు లేడు. ‘నడుం బిళ్లలు రెండివ్వండి’ అంటే ఇస్తారు. నొప్పి ఎక్కువైతే ఆర్‌ఎంపీ సూది.

ఇది ఎక్కడ జరుగుతోంది? ఉద్దానం పక్కన. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరుల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇళ్లకిళ్లు తినేస్తుంటే, 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చింది. ఆ జబ్బుకి మూలకారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. నొప్పి బిళ్లలే కారణమని నేనూ అనను. కాని ఈ రకం నొప్పి బిళ్లలు మూత్రపిండాలకు చేటనీ, చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ చేటనీ వైద్యపుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఎండలో మడిలో నిలబడి, చాలినన్ని నీళ్లు తాగక, సాయంత్రం బిళ్ల మింగే మనిషికి ‘నీ పనే యోగా’ అని కితాబివ్వడంలో ఉన్న నిర్లక్ష్యం చిన్నది కాదు.

క్లాసు వల్ల బిళ్లలు తగ్గుతాయా? అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దీర్ఘకాలం నడుం నొప్పితో బాధపడే 320 మంది మీద పరీక్ష చేసి 2017లో ఫలితాలు వేశారు. వాళ్లు ఏసీ గదుల వాళ్లు కారు. ఎక్కువమంది పేదలు, నల్లజాతివారు. పన్నెండు వారాల యోగా క్లాసు ఫిజియోథెరపీకి తీసిపోలేదు. ఊరికే పుస్తకం ఇచ్చి పంపినవారితో పోలిస్తే యోగా చేసినవారిలో నొప్పి మందులు వాడేవారి వాటా ఇరవై ఒక్క శాతం పాయింట్లు తక్కువ. ఫిజియోథెరపిస్టు కోసం మన అప్ప ఏ పట్నం బస్సెక్కాలో, ఎన్ని కూలిరోజులు పోగొట్టుకోవాలో లెక్కేసుకోండి. అప్పుడు అరుగు మీద చాప విలువ తెలుస్తుంది.

5. రెండో ఒడ్డున ఉన్నవారితో

పొలం పనే యోగా అనేవాళ్లకి బలమిచ్చింది ఎవరో కూడా చెప్పాలి. షుగరు, బీపీ, కిడ్నీ, కేన్సరు, అన్నీ యోగాతో మాయమవుతాయని టీవీలో ఊదరగొట్టినవాళ్లు. రోగాలు నయం చేస్తామనే ప్రకటనల కేసులో పతంజలి సంస్థ 2024లో సుప్రీంకోర్టు చేత చీవాట్లు తిని, పత్రికల్లో క్షమాపణ అచ్చు వేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి గొప్పలు విన్న రైతు నమ్మకపోవడంలో వింతేముంది?

నిజం కొంచెం చిన్నదిగా ఉంటుంది. నడుం నొప్పికి యోగా మేలు చేస్తుందని, ఆ మేలు కొద్దిపాటిదేనని, వేరే నడుం వ్యాయామాలకంటే గొప్పదేం కాదని, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద చేసిన యోగా-కేర్ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. యోగా వల్ల మరణాలూ మళ్లీ గుండెపోట్లూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మనుషులు మాత్రం తమ ఆరోగ్యం బాగుందన్నారు, మునుపటి పనుల్లోకి తేలిగ్గా వెళ్లగలిగారు. మళ్లీ పనిలోకి వెళ్లగలగడం! రెక్కాడితేగాని డొక్కాడని ఇంట్లో అంతకంటే పెద్ద ఫలితం ఏముంటుంది? మూత్రపిండాల జబ్బుకు యోగా మందు కాదు. డయాలసిస్ మానేసి ప్రాణాయామం చెయ్యమనే గురువుని ఊళ్లోకి రానివ్వకూడదు.

6. ‘కూలి పెంచమంటే ఆసనం వెయ్యమంటారా?’

వచ్చిన అభ్యంతరాల్లో నిజాయితీ ఉన్నది ఇదొక్కటే. కూలి కోసం, భూమి కోసం పోరాడి ప్రాణాలిచ్చిన జిల్లా ఇది. రాయితీ అడిగినవాడికి ప్రవచనం వడ్డించడం ఇక్కడివాళ్లు బాగా ఎరుగుదురు. అందుకే ఆ అనుమానాన్ని గౌరవిస్తాను. కూలికి బదులుగా యోగా పెడితే నేనూ జెండా పట్టుకుంటాను.

కాని కూలి పెరిగితే నడుం నొప్పి తగ్గుతుందా? నడుం బాగుంటే కూలి అడిగే గొంతు తగ్గుతుందా? రెండింటినీ ఎదురెదురు నిలబెట్టింది ఎవరు? గమనిస్తే ఈ ‘పనే యోగా’ మాట ఎక్కువగా వచ్చేది గట్టు మీద నిలబడ్డవాళ్ల నోటి నుంచే. తెల్లారగానే స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుని కాలేజీ గ్రౌండులో నాలుగు చుట్లు తిరిగొచ్చే పెద్దమనుషులే తమ మడిలో వంగిన మనిషికి వ్యాయామం అక్కర్లేదంటారు. తమ ఒంటికి ఒక ధర్మం, కూలిమనిషి ఒంటికి ఇంకో ధర్మం. మర్యాద తొడుగు తీసేస్తే వాళ్లంటున్నది ఇది: ఆమె ఒళ్లు పనికోసం ఉంది, బాగు చేసుకోవడం కోసం కాదు.

యోగా క్లాసు జిల్లాలో మొదట పెట్టాల్సింది ఆమె కోసం. ఉభాలయ్యాక, కోతలకు ముందు చేతిపని తగ్గే రోజుల్లో మొదలుపెట్టాలి. రాత్రి ఏడింటికి, అంగన్‌వాడీలోనో రామమందిరంలోనో. నేర్పేది ఆడమనిషే అయ్యుండాలి. మగ మాస్టారి ముందు చీరకట్టుతో బోర్లా పడుకోమంటే ఎవరొస్తారు? మొదటి రోజు ఆసనాల జోలికి పోకూడదు. ఎక్కడ నొప్పి, ఏం పని, ఏ బిళ్లలు, బీపీ ఎంత అని రాసుకోవాలి. కాల్లోకి తిమ్మిరి దిగుతోందన్నవారిని డాక్టరు దగ్గరికి పంపాలి. వారానికి మూడు రోజుల చొప్పున మూడు నెలలు నడపాలి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల పనుల్లో యోగా ఎలాగూ ఉంది. జూన్ 21కి టీషర్టుల మీద పెట్టే డబ్బులో కొంత టీచరు జీతానికి మళ్లిస్తే కొత్త పథకమేం అక్కర్లేదు.

జీడి పరిశ్రమల్లో అయితే పని మధ్యన పావుగంట ఇవ్వాలి, కూలి కోయకుండా. ‘పావుగంట పోతే పిక్కలెవరు కొడతారు?’ అని యజమాని అడుగుతాడు. మణికట్టు పట్టేసి మనిషి పనికి రాని రోజున ఆమె పిక్కలు ఇప్పుడెవరు కొడుతున్నారో ఆయన్నే చెప్పమనండి.